అశోక్‌నగర్‌లో పొయ్యి లేని కుటుంబాలు

మా వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ చిక్కడపల్లిలో మా ఇంటికి వస్తుంటారు. చేతిలో ట్యాబ్, మెడలో గుర్తింపు కార్డు, మొహంలో సమాజాన్ని మార్చేయబోతున్నామన్న వెలుగు. వాళ్ళకి టీ ఇచ్చి, ఆ వెలుగు కాస్త తగ్గించి పంపడం రిటైరయ్యాక నేను పెట్టుకున్న పని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గిపోతోంది కాబట్టి ఇక రాసి పెడదామనుకున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చినప్పుడు నాకే పెద్దగా తెలియలేదు. సెమినార్ల గురించి కూడా రాయను. అక్కడ భోజనాలు బాగుండేవి, అంతవరకే గుర్తుంది.

మేం చేసిన పని

మా పని పేరు చాలా పెద్దది. సామాజిక అసమానతలు, మానసిక ఆరోగ్యం, దీర్ఘకాలిక సముదాయ పరిశోధన. ఇదంతా చెప్పేలోగా తలుపు తీసినావిడ తలుపు వేసేసుకునేది. అందుకని "సర్వే అమ్మా" అనేవాళ్ళం. సర్వే అనగానే బస్తీల్లో రేషన్ కార్డు బయటికి తెచ్చేవారు, అపార్ట్‌మెంట్లలో కుక్కను బయటికి తెచ్చేవారు. రెండింటినీ దాటుకుని లోపలికి వెళ్ళడం నేర్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

అసలు పని ఇది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, ఆ పక్క రాంనగర్, లోయర్ ట్యాంక్ బండ్ బస్తీలు. వీటిలో కొన్ని ఇళ్ళు ఎంచుకుని, ప్రతి ఏడూ అవే ఇళ్ళకి వెళ్ళి, అవే ప్రశ్నలు అడగాలి. నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా? దిగులుగా ఉంటోందా? పట్టడం లేదమ్మా అంటే రాసుకుని వచ్చేసేవాళ్ళం. మళ్ళీ ఏడాదికి వెళ్ళి, ఇప్పుడైనా పట్టిందా అని అడిగేవాళ్ళం. బంధువులు కూడా ఇంతకు మించి ఏమీ చేయరు కనుక మమ్మల్ని ఎవరూ తప్పు పట్టలేదు.

అన్నేళ్ళు తిరిగి మేం కనిపెట్టింది ఏమిటంటే, కిరాయి కట్టేవాళ్ళకి దిగులు ఎక్కువ, కిరాయి వసూలు చేసుకునేవాళ్ళకి తక్కువ. దీన్నే మా డైరెక్టర్ గారు ఇంగ్లీషులో, రంగురంగుల గీతలతో చెబితే విదేశాల్లో చప్పట్లు కొట్టారు. నేను ఇంటికొచ్చి తెలుగులో చెబితే మా ఆయన పేపర్ లోంచి తలెత్తి, "ఇది తెలుసుకోవడానికా పొద్దున్నే టిఫిను కూడా తినకుండా పోతావు?" అన్నారు.

మొత్తం పనికిమాలిన పనే అంటే మాత్రం ఒప్పుకోను. నారాయణగూడ చౌరస్తా దగ్గర కళ్ళజోళ్ళ దుకాణం పైన మా ఆఫీసు ఉండేది. అందులోనే ఒక గదిలో శనివారం డాక్టరమ్మ కూర్చునేది. మనసు బాగోలేని వాళ్ళతో తీరుబడిగా మాట్లాడేది, మందులిచ్చేది. బయట బోర్డు మీద ఆరోగ్య కేంద్రం అని మాత్రమే ఉండేది కాబట్టి జనం భయపడకుండా మెట్లెక్కేవారు. అది నిజంగా మంచి పని. మంచి పని కాబట్టి దానికో షరతు పెట్టారు. మా పరిశోధనలో ఉన్న కుటుంబాల వాళ్ళకే ఆ డాక్టరు.

కుటుంబం అనగా ఎవరు

ఇక్కడే మా శాస్త్రం అసలు రూపం చూపించింది. కుటుంబం అంటే ఎవరో మా నియమాల్లో స్పష్టంగా రాసి ఉంది. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక కుటుంబం. రక్త సంబంధం అక్కర్లేదు, ఇంటిపేరు అక్కర్లేదు, పొయ్యి కావాలి. చదవడానికి బాగానే ఉంటుంది. లోయర్ ట్యాంక్ బండ్ బస్తీలో తోటికోడళ్ళు కొట్లాడుకుని పొయ్యిలు వేరు పెట్టుకుంటే మాకు ఒక కుటుంబం పెరిగేది. ఎవరి పెళ్ళిలోనో మళ్ళీ కలిసిపోతే ఒకటి తగ్గేది. వాళ్ళ తగాదాలను మేం ఎంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండేవాళ్ళమంటే, వాళ్ళ అత్తగారు కూడా అంతగా పట్టించుకుని ఉండదు.

మరి అశోక్‌నగర్ సంగతి? మీకు తెలుసు కదా, ఆ పేట అంతా హాస్టళ్ళే. సర్కారు నౌకరీ పరీక్షల కోసం పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిని ప్లైవుడ్ చెక్కలతో అరలుగా కోసుకుని బతుకుతుంటారు. కడుపు మెస్సులో, కళ్ళు పుస్తకంలో, ప్రాణం నోటిఫికేషన్లో. వాళ్ళకి పొయ్యి లేదు. పొయ్యి లేదు కాబట్టి కుటుంబం కాదు. కుటుంబం కాదు కాబట్టి మా లెక్కలో లేరు. జైళ్ళలో ఉండేవాళ్ళనీ, ఆశ్రమాల్లో ఉండేవాళ్ళనీ, వీళ్ళనీ కలిపి ఒకే వాక్యంలో మినహాయించారు.

దానివల్ల ఒక అద్భుతం జరిగింది. మా గ్రాఫుల్లో అశోక్‌నగర్ ఈ చుట్టుపక్కల అన్ని పేటలకన్నా ప్రశాంతమైన పేటగా తేలింది. దిగులు లేదు, నిద్రలేమి లేదు. డైరెక్టర్ గారు ప్రతి సమావేశంలోనూ ఆ గీత చూపించి, చదువుకున్న వాతావరణం మనసుకి మేలు చేస్తుందని చెప్పేవారు. హాస్టళ్ళ మాట నేను ఒకటి రెండు సార్లు ఎత్తాను. "నిర్వచనం మారిస్తే పాత సంవత్సరాలతో పోల్చలేం, శారద గారూ" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. మా వృత్తిలో జరిగే అన్యాయాల్లో చాలావాటికి ఇలాంటి మంచి కారణాలే ఉంటాయని ముందే తెలుసుకుని ఉండండి.

యాదమ్మ

రాంనగర్ వెనక బస్తీలో యాదమ్మ ఉండేది. పాలమూరు నుంచి వచ్చింది. ఆమె, ఆమె పెనిమిటి కట్టడాల మీద కూలి పని చేసేవారు. ఒక్క గది, అందులోనే పొయ్యి. కాబట్టి నిఖార్సయిన కుటుంబం.

మా ప్రశ్నలు ఎక్కడో ఇంగ్లీషులో పుట్టి, ఎవరో పండితుడి చేతిలో తెలుగయ్యాయి. నేను ప్రతి ఏడూ యాదమ్మ ముందు కూర్చుని, "గత రెండు వారాలలో మీరు నిరాసక్తతకు లోనయ్యారా?" అని చదివేదాన్ని. అదేందో చెప్పు మేడం అనేది. ఏ పని మీదా మనసు పోకపోవడం అనేదాన్ని.

"మనసు పోతే ఏంది, పోకుంటే ఏంది మేడం? పొద్దుగాల కూలి అడ్డ మీదికైతే పోవాలె గద."

దీనికి మా దగ్గర అవును, కాదు అని రెండు గడులుండేవి. ఏది నొక్కాలో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు.

కానీ యాదమ్మ దిగులు మనిషి కాదు. ఆమెకో కూతురుంది, స్వరూప. డిగ్రీ అయింది. ఆ ఒక్క గదిలో చదువు సాగదని అశోక్‌నగర్ హాస్టల్లో పెట్టారు. ఏ ప్రశ్న అడిగినా యాదమ్మ అక్కడికే వచ్చేది. నడుము నొప్పి గురించి అడిగినా, "నా బిడ్డ ఆఫీసర్ అయితది మేడం, గప్పుడు మంచిగ పండుకుంట" అనేది. బస్తీ అంతటికీ ఆ మాట తెలుసు. పచారీ కొట్టు ఆయన అప్పుడే ఆమెను "ఆఫీసర్ అమ్మ" అని పిలిచేవాడు.

నేను రిటైరవడానికి కొంచెం ముందు, ఆ ఏటి ప్రశ్నలకు వెళితే యాదమ్మ పనికి పోకుండా ఇంట్లోనే కూర్చుని ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"మేడం, పరీక్ష మల్ల వాయిద పడ్డదంట. అప్పటిసంది బిడ్డ ఫోన్ ఎత్తుతలేదు. మేము పోతే లోపలికి రానియ్యరు, కిందికి పిలిస్తె తను దిగది. నువ్వు ఆ దిక్కు పోతవు గద, జర చూసి రా."

మా నియమాల ప్రకారం ఒక ఇంటి సమాచారం ఇంకో ఇంటికి మోయకూడదు. చూసొస్తానని చెప్పి లేచాను.

సుగుణ గారి కింది అంతస్తు

ఆ హాస్టల్ యజమాని సుగుణ గారు మాకు పాత కుటుంబమే. కింది అంతస్తులో ఆవిడ, భర్త, ఒక స్టీలు గ్యాస్ పొయ్యి. పైన మూడు అంతస్తులూ హాస్టల్. ఏళ్ళ తరబడి మేం కింద కూర్చుని ఆవిడిచ్చిన కాఫీ తాగుతూ, నిద్ర పడుతోందా అండీ అని అడిగేవాళ్ళం. బ్రహ్మాండంగా పడుతోంది అనేది. అది రాసుకునేవాళ్ళం. మా తల మీద అంతమంది నిద్రపోని పిల్లలుండగా, కింద నిద్రపోతున్న ఇద్దరినీ జాగ్రత్తగా లెక్కపెట్టుకుని వెళ్ళేవాళ్ళం.

ఆ రోజు కాఫీ వద్దని పైకి వెళతానన్నాను.

"పైన ఏమున్నది మేడం? ఆడపిల్లలు చదువుకుంటున్నరు. డిస్టర్బ్ అయితరు."

అయినా ఎక్కాను. స్వరూప మూడో అంతస్తులో, చివరి అరలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల దువ్వుకోలేదు. మంచం కింద మెస్ డబ్బా మూత కూడా తీయకుండా ఉంది. గోడ నిండా అతికించుకున్న టైంటేబుళ్ళు. రోజూ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళే పిల్ల అట, ఈ మధ్య పోవడమే మానేసిందని పక్క అరలో ఉండే అమ్మాయి గీత చెప్పింది.

నేను ఎవరో చెప్పాను. మీ అమ్మ పంపింది అన్నాను. అప్పుడు లేచి కూర్చుంది.

"అమ్మకు ఏం జెప్పాలె మేడం? మల్ల వాయిద పడ్డదని చెప్పాలెనా? ప్రతిసారి గదే చెప్తున్న. బస్తీల అందరు ఆఫీసర్ అమ్మ అంటరు ఆమెను. నేను ఫోన్ ఎత్తితే ఆ గొంతు వినాలె."

నిద్ర పడుతోందా అని అడిగాను. లేదంది. ఇన్నేళ్ళూ వందల ఇళ్ళలో అడిగిన ప్రశ్నే ఒకటుంది, దాన్ని కూడా అడిగాను. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? సొంత ఇళ్ళ వాళ్ళు ఈ ప్రశ్నకి మొహం మాడ్చుకునేవారు. ఈ పిల్ల నా వైపు చూసి, చాలా మామూలుగా, "వస్తది మేడం. రోజూ వస్తది. ఎవ్వరు అడగలే" అంది. 

పెద్దాసుపత్రికి వెళదామంటే వెనక్కి జరిగింది. "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి అంటే నేను రాను. ఎవరన్న చూస్తే? రేపు నౌకరి వచ్చినంక మెడికల్ టెస్టుల తెలిస్తే?" వాళ్ళలో చాలామందికి ఉండే భయమే ఇది. అది నిజమా కాదా అని వాదించే సమయం కాదు. నారాయణగూడలో మామూలు బోర్డున్న చోట డాక్టరమ్మ ఉంది, ఆడామె, కూర్చుని మాట్లాడుతుంది అన్నాను. "అక్కడికైతే వస్త" అంది.

గీతని పక్కనుంచి కదలొద్దని చెప్పి, యాదమ్మకి ఫోన్ చేసి బిడ్డను చూశాను, నేను చూసుకుంటున్నాను అని చెప్పి, ఆఫీసుకి ఆటో ఎక్కాను.

డైరెక్టర్ గారి అభ్యంతరం

డైరెక్టర్ గారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా ఉద్యోగం ఇంకా సులువుగా ఉండేది. ఆయన నా మాట అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నిజంగానే బాధపడి, ఆ తర్వాత అడిగారు.

"ఆ అమ్మాయికి పొయ్యి ఉందా?"

"లేదు సార్."

"పోనీ తల్లి ఇంట్లో లెక్కలోకి వస్తుందేమో?"

"అక్కడ తినడం లేదు సార్. రూలు ఒప్పుకోదు."

"మరి ఎలా చూడమంటారు? ఈ రోజు ఒకరిని చూస్తే రేపు హాస్టళ్ళన్నీ మెట్లెక్కుతాయి. శాంపిల్ అపవిత్రమైపోతుంది."

శాంపిల్‌కి మడి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నాకు కోపం వచ్చింది. కానీ ఈ వృత్తిలో కోపం వచ్చినప్పుడు ఎదుటివాళ్ళ నియమాన్నే ఇంకోసారి చదవాలి. మీరు ఏమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

"పొయ్యి ఉంటే సార్?"

"ఉంటే కుటుంబమే. కొత్త కుటుంబాలను చేర్చుకోవచ్చు కదా."

"ఒక్క మనిషైనా?"

"ఒక్క మనిషైనా."

నేను ఇంటికెళ్ళి మా కరెంటు పొయ్యి సంచిలో పెట్టుకున్నాను. ఒక గిన్నె, పావు కిలో రవ్వ, రెండు ఉల్లిపాయలు కూడా. మా ఆయన ఎక్కడికని అడిగితే, పరిశోధనకి అన్నాను.

ఉప్మా

సుగుణ గారు మెట్ల దగ్గరే ఆపింది. "ఇదేంది మేడం? నా హాస్టల్ల వంట బంద్. కరెంట్ బిల్లు ఎవరు కడతరు? వాసనకు అందరు ఆగమైతరు."

ఆవిడతో పరిశోధనా నీతి గురించి మాట్లాడలేదు. పక్కకి తీసుకెళ్ళి, పైన ఉన్న పిల్ల పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏదైనా జరిగితే మీ ఇంటి ఫోటో పేపర్లో వస్తుంది, ఆ తర్వాత అరలన్నీ ఖాళీ అని కూడా చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. పిల్ల మీద జాలో, అరల మీద జాలో నేను అడగలేదు. ఆవిడే ముందు నడిచి, ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా తెచ్చి ఇచ్చింది.

"వండుకో తల్లీ" అంది స్వరూపతో. "నేనేమన్న అన్ననా?"

నేను వండలేదు. స్వరూపతోనే వండించాను. రూలు అట్లా ఉంది మరి. మొదట గిన్నె వైపు చూస్తూ ఊరికే కూర్చుంది. తర్వాత ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది. తరుగుతూ ఏడ్చింది. ఉల్లిపాయ వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

పోపు వాసన ఆ ప్లైవుడ్ అరల మీదుగా వెళ్ళింది. ఆ అంతస్తులో ఇంట్లో వండిన వాసన రావడం అదే మొదటిసారేమో. గీత ప్లేటు పట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఆదిలాబాద్ అమ్మాయి, సూర్యాపేట అమ్మాయి, ఇంకా పేర్లు తెలియని వాళ్ళు, టిఫిన్ మూతలూ గ్లాసులూ పట్టుకుని నిలబడ్డారు. ఉన్న ఉప్మా తలా నాలుగు ముద్దలు కూడా రాలేదు. స్వరూప అందరికీ పెట్టి, చివర గిన్నె గీక్కుని తిను అని గీత గదమాయిస్తే తింది.

వాళ్ళు తింటుంటే నేను నిర్వచనం ఇంకోసారి మనసులో చదువుకున్నాను. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక కుటుంబం. ట్యాబ్ తీశాను. అందరి పేర్లూ ఎక్కించాను. ఇంటి యజమాని ఎవరని ఉంటే అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కులం అని ఉంటే మాత్రం నవ్వు ఆగింది. మా ట్యాబ్‌లో కుటుంబానికి కులం ఒక్కటే. వాళ్ళు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. నేను "ఇతరులు" అని నొక్కి ముందుకి పోయాను.

చావు గురించిన ప్రశ్న ఒక్కొక్కరిని మెట్ల మీదికి పిలిచి అడిగాను. అవునన్నది స్వరూప ఒక్కతే కాదు. ఎంతమందో రాయను. శనివారందాకా ఆగలేదు. ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఫోన్ చేసి నారాయణగూడకి రప్పించి, రెండు ఆటోల్లో "కుటుంబాన్ని" తీసుకెళ్ళాను.

మర్నాడు డైరెక్టర్ గారు ట్యాబ్ చూసి నన్ను పిలిచారు.

"ఇదేం కుటుంబం, శారద గారూ? ఇన్ని ఇంటిపేర్లు, ఇన్ని జిల్లాలు. పెద్దవాళ్ళు లేరు, పిల్లలు లేరు."

"పొయ్యి ఉంది సార్."

ఆయన ఇంకోసారి ట్యాబ్ చూశారు. తర్వాత సంతకం పెట్టారు. ఆ ఏడు అశోక్‌నగర్ ప్రశాంతత గ్రాఫులో కిందికి పడిపోయింది. "మంచి పేటని పాడు చేశారు" అన్నారు నాతో. మరుసటి ఏడు విదేశంలో, హాస్టళ్ళను లెక్కలోకి తీసుకోవాల్సిన అవసరాన్ని తామే ముందు గుర్తించినట్టు ప్రసంగించారని విన్నాను. నాకు అభ్యంతరం లేదు, నియమం మారింది కదా.

మోసం చేయలేదా మేడం అని ట్యాబ్ పిల్లలు అడుగుతుంటారు. నియమాన్ని అక్షరాలా పాటించాను, ఇన్నేళ్ళలో అంత నిజాయితీగా ఎప్పుడూ పాటించలేదు అని చెబుతాను.

రాంనగర్ వెనక

మందులు మొదలైన కొన్ని వారాలకి స్వరూప తేరుకుంది. తింటోంది, పడుకుంటోంది. డాక్టరమ్మ దగ్గరికి గీత తోడు వెళ్ళేది. కానీ తల్లి దగ్గరికి మాత్రం వెళ్ళననేది. ఒక శనివారం క్లినిక్ నుంచి దిగుతూ నాతో చెప్పింది. "మేడం, నాకు ఇగ పరీక్ష రాయాలని లేదు. ఈ మాట అమ్మకు చెప్తే అమ్మ సచ్చిపోతది."

ఆ పిల్లను ఇంతకాలం నమిలేసింది ఈ భయమే. మా ప్రశ్నల్లో ఏదీ దీని దాకా వెళ్ళలేదు. పద, నేను కూడా వస్తానన్నాను.

యాదమ్మ అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, జుట్టు నిండా సిమెంటు దుమ్ము. కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. స్వరూప లోపలికి కూడా పోకుండా, తల వంచుకుని, అంతా చెప్పేసింది. పరీక్షలు, నిద్ర, మందులు, ఆ ఆలోచనలు. ఇగ రాయనని కూడా. పక్కింటివాళ్ళు వింటున్నారు. ఆఫీసర్ అమ్మ అని పిలిచే కొట్టాయన కూడా వింటున్నాడు.

యాదమ్మ దగ్గరికి వచ్చి, సిమెంటు చేతులతో కూతురి మొహం పైకెత్తింది.

"నువ్వు ఆఫీసర్ గాకుంటే నాకేం గాదు బిడ్డా. నువ్వు లేకుంటే నేనుండ."

తర్వాత కొట్టాయన వైపు తిరిగి, గొంతు పెంచి, "ఏం అన్నా, ఇగనుంచి నన్ను యాదమ్మ అనే పిలువు" అంది. కూతుర్ని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. నేను ఆ గల్లీలో నిలబడి, ట్యాబ్ సంచిలో పెట్టేసి, అందరూ చూస్తుండగానే ఏడ్చాను.